బెంగళూరు వచ్చేవారికి భోజన సమాచారం అందించాలి

సంపాదకులకు నమస్కారం.

దసరా, సంక్రాంతి, వేసవి సెలవులు వచ్చాయంటే అనంతపురం, కర్నూలు, చిత్తూరు వైపు నుంచీ, హైదరాబాదు నుంచీ తెలుగు కుటుంబాలు పిల్లాపాపలతో బెంగళూరుకు రావడం ఏటా జరిగేదే. ఆగస్టు 15, జనవరి 26 సందర్భంగా లాల్‌బాగ్‌లో పుష్ప ప్రదర్శన పెట్టినప్పుడు ఆ రద్దీలో మన భాష ఎంత వినిపిస్తుందో ఇక్కడ ఉండేవారికి తెలుసు. ఇలా వచ్చేవారికి చూడదగిన స్థలాల వివరాలు బస్టాండులోనో, రైల్వే స్టేషన్‌లోనో ఏదో ఒక రూపంలో దొరుకుతున్నాయి. ఎక్కడ, ఏ వేళకు, ఎంతలో శుభ్రమైన భోజనం దొరుకుతుందో చెప్పే బోర్డు మాత్రం ప్రభుత్వం తరఫున నాకెక్కడా కనిపించలేదు. ఆ పనిని పూర్తిగా ఫోన్లలోని స్టార్ రేటింగులకూ, అర నిమిషం వీడియోలకూ వదిలేయడం సరికాదని, నగర పాలక సంస్థలూ పర్యాటక శాఖా కలిసి ఈ బాధ్యతను తీసుకోవాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

బసవనగుడిలో చాలా ఏళ్లుగా ఉంటున్నందువల్ల, ఊరి నుంచి వచ్చే బంధువులు రైలు దిగగానే నన్ను అడిగే మొదటి ప్రశ్న "ఎక్కడ తింటే బాగుంటుంది?" అన్నదే. అడుగుతూనే వారు ఫోనులో చూపించే పేర్లు ఎప్పుడూ ఆ నాలుగైదే. గత వేసవిలో మా పెదనాన్నగారి కుటుంబం, డెబ్బై దాటిన పెద్దమ్మతో సహా, వీడియోలో చూసిన ఒక హోటల్ ముందు ఎండలో గంటన్నరకు పైగా నిలబడి, టేబుల్ దొరికాక వెనక కాచుకున్నవారి చూపుల మధ్య గబగబా తిని వచ్చేశారు. అదే వీధిలో, కూతవేటు దూరంలో, అరటాకులో వేడి భోజనం వడ్డించే చిన్న మెస్ సగం ఖాళీగా ఉంది. దీనికి ఆ హోటల్‌వారిని తప్పుపట్టలేము. మెస్ సంగతి మావాళ్లకు చెప్పే నాథుడు లేకపోవడమే బాధాకరం.

రేటింగు చూస్తే ఒక చోటికి ఎంతమంది వెళ్లి అభిప్రాయం రాశారో తెలుస్తుంది. రాసినవారు నిజంగా అక్కడ తిన్నారా, డబ్బు తీసుకుని రాశారా అన్నది తెలియదు. ఆన్‌లైన్ సమీక్షల సేకరణకూ ప్రచురణకూ భారతీయ ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని తెచ్చింది గానీ, దాన్ని పాటించడం స్వచ్ఛందం. పైగా యాభై ఏళ్లుగా ఒకే కుటుంబం నడుపుతున్న, ప్రచారానికి పైసా ఖర్చు పెట్టని హోటళ్లు ఈ పోటీలో వెనకబడిపోతున్నాయి.

బెంగళూరులో బాగా తినాలంటే ముందు వేళ తెలియాలి. 1943లో గాంధీ బజారులో మొదలైన విద్యార్థి భవన్ హోటల్‌ను శుక్రవారం తెరవరు. 1924లో మొదలైన ఎంటీఆర్ (మావళ్లి టిఫిన్ రూమ్స్) వారి లాల్‌బాగ్ రోడ్డు హోటల్‌కు సోమవారం సెలవు. పాత టిఫిన్ హోటళ్లు చాలావరకు మధ్యాహ్నం కొన్ని గంటలు మూసి, సాయంత్రం కాఫీ వేళకు మళ్లీ తెరుస్తాయి. శంకరపురంలోని బ్రాహ్మిన్స్ కాఫీ బార్‌లో ఇడ్లీకి చట్నీయే తప్ప సాంబారు ఉండదని తెలియక వెళ్లినవారు నొచ్చుకుంటారు. తెలిసి వెళ్లినవారు ఆ చట్నీ కోసమే మళ్లీ వస్తారు. వి.వి.పురంలోని తిండి బీదికి (తిండి వీధికి) మిట్టమధ్యాహ్నం ఆటో కట్టించుకుని వెళ్తే నిరాశే మిగులుతుంది, ఎందుకంటే ఆ వీధి కళకళలాడేది దీపాలు పెట్టిన తర్వాతనే. ప్రధాన బస్టాండు ఉన్న మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్ మెట్రో ఎక్కి నేషనల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే గాంధీ బజారుకూ, వి.వి.పురానికీ కాలినడకన వెళ్లవచ్చు. మల్లేశ్వరంలో బెన్నె (వెన్న) దోసెకు పేరుపడ్డ సీటీఆర్ హోటల్‌కు వెళ్లాలన్నా అదే లైనులో సంపిగె రోడ్డు స్టేషన్ ఉంది. ఈ మాత్రం వివరం ఒక బోర్డు మీద ఉంటే ఎన్ని కుటుంబాలకు ఒక పూట కలిసివస్తుందో ఆలోచించమని అధికారులను కోరుతున్నాను.

కాలాన్ని బట్టి మారే తిండి సంగతి కూడా వచ్చేవారికి తెలియడం లేదు. చలికాలంలో ఇక్కడ అవరెకాయల రోజులు వస్తాయి. మన రాయలసీమ ఇళ్లలో అనపకాయలుగా, పితికిపప్పుగా అందరూ ఎరిగిన ఆ గింజతోనే ఇక్కడివారు ఉప్మా, దోసె, సారు (మన చారు, పులుసు లాంటిది), చిరుతిళ్లు చేసి అమ్ముతారు. జనవరిలో పిల్లలతో వచ్చిన ఒక చిత్తూరు కుటుంబానికి ఇంతకన్నా దగ్గరి రుచి ఏముంటుంది? అలాగే మాంసాహారం తినేవారికి ఇక్కడ మిలిటరీ హోటళ్లని పిలిచే పాత మాంసాహార హోటళ్లలో రాగి ముద్ద, మటన్ సారు, విస్తరాకు దొన్నెలో పెట్టే దొన్నె బిర్యానీ ఉన్నాయి. చేతిలో డబ్బు తక్కువున్నవారికి 1980లలో జయనగర్‌లో మొదలై ఊరంతా పాకిన దర్శినులు ఉన్నాయి. అక్కడ టోకెన్ తీసుకుని, నిలబడి తిని, పది నిమిషాల్లో బయటపడవచ్చు. రెసిడెన్సీ రోడ్డులో ఆంధ్ర భోజనం అరటాకులో ఎంత బాగా పెడతారో మనవాళ్లందరికీ తెలిసిందే, ఒక పూట అక్కడికి వెళ్లడంలో తప్పేమీ లేదు. కానీ మూడు పూటలా గోంగూర, పప్పు, నెయ్యి కోసమే వెతుక్కుంటే ఇంత దూరం వచ్చి ఈ ఊరి చేతివంట తినకుండానే వెళ్లిపోయినట్టవుతుందని నా అభిప్రాయం.

రుచి కంటే ముఖ్యమైనది శుభ్రత. కర్ణాటక ఆరోగ్య శాఖ 2024లో పరీక్షించిన 171 గోబీ మంచూరియా నమూనాల్లో 107 సురక్షితం కాని కృత్రిమ రంగులతో ఉన్నట్టు తేలింది. ఆ మార్చిలోనే గోబీ మంచూరియాలోనూ, పీచుమిఠాయిలోనూ అలాంటి రంగులను ప్రభుత్వం నిషేధించింది. పిల్లలు చేయి చూపించి కొనిపించుకునేవి ఈ రెండే కనుక, ఈ విషయం పార్కుల గేట్ల దగ్గర పెద్ద అక్షరాల్లో రాసి ఉండవలసింది. ఆహార భద్రత చట్టం ప్రకారం ప్రతి హోటల్ తన లైసెన్సును కనిపించేలా పెట్టాలి. 2022 జనవరి 1 నుంచి ఆ లైసెన్సు 14 అంకెల నంబరును బిల్లు మీద కూడా ముద్రించాలి. కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) ఇచ్చే పరిశుభ్రత రేటింగులో అయిదుకు ఎంత వచ్చిందో తలుపు మీద అంటించి ఉంటే, తిన్నవారి అభిప్రాయం కంటే ముందు తనిఖీ చేసినవారి మాట మనకు తెలుస్తుంది. బిల్లులో సర్వీస్ చార్జిని తమంతట తాముగా కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో ఇచ్చిన మార్గదర్శకాలను ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో సమర్థించింది. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరు ఉన్న సంగతి ఊరుగాని ఊరు వచ్చినవారిలో ఎందరికి గుర్తుంటుంది?

ప్రభుత్వం కొన్ని హోటళ్ల పేర్లు రాస్తే పక్షపాతం చూపినట్టు కాదా అని కొందరు అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. అందుకే ఎవరి ఇష్టాయిష్టాలతోనూ సంబంధం లేకుండా, లైసెన్సు చెల్లుబాటులో ఉండి, పరిశుభ్రత రేటింగు తీసుకుని, ధరల పట్టికను బయట పెట్టిన ప్రతి హోటల్‌నూ అక్షర క్రమంలో చేర్చాలి. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం కింద గుర్తింపు పొందిన బండ్లవారికీ ఆ జాబితాలో చోటుండాలి. 2017 ఆగస్టులో 5 రూపాయలకు టిఫిన్, 10 రూపాయలకు భోజనంతో మొదలైన ఇందిరా క్యాంటీన్ల చిరునామాలనూ తప్పక చేర్చాలి, ఎందుకంటే ఆసుపత్రి పని మీదో, పరీక్ష రాయడానికో ఈ నగరానికి వచ్చేవారూ పరాయిచోట ఆకలి తీర్చుకోవలసినవారే. పేరు పక్కన తెరిచే వేళ, మూసే వేళ, వారపు సెలవు, ఒక మనిషి భోజనానికి అయ్యే ఖర్చు, దగ్గరి మెట్రో స్టేషన్ ఉంటే చాలు. బోర్డులో మొదట కన్నడం ఉండడం సహజం, అలాగే ఉండాలి. దాని కింద ఇంగ్లీషు, తెలుగు, తమిళం, హిందీ ఉంటే వచ్చేవారిలో అత్యధికులకు అర్థమవుతుంది.

2025లో పాత నగర పాలక సంస్థ బీబీఎంపీ స్థానంలో ఏర్పడిన గ్రేటర్ బెంగళూరు అథారిటీ పరిధిలో ఇప్పుడు అయిదు కార్పొరేషన్లు పనిచేస్తున్నాయి. ఒక్కొక్క కార్పొరేషన్ తన పరిధిలోని జాబితాను తయారు చేసి ఆరు నెలలకొకసారి సవరిస్తే పెద్ద ఖర్చేమీ కాదు. మొదటి విడతగా మెజెస్టిక్ బస్టాండు, కేఎస్ఆర్ (బెంగళూరు సిటీ), యశవంతపుర రైల్వే స్టేషన్ల వద్ద, వచ్చే పుష్ప ప్రదర్శనకు ముందే లాల్‌బాగ్ ద్వారాల వద్ద ఈ బోర్డులు పెట్టించవలసిందిగా సంబంధిత అధికారులకు విజ్ఞప్తి చేస్తున్నాను. మీ పత్రిక కూడా సెలవుల ముందు వారంలో ఈ వివరాలను ప్రచురించగలిగితే ప్రయాణానికి సిద్ధమవుతున్న పాఠకులకు ఎంతో మేలు చేసినవారవుతారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బసవనగుడి, బెంగళూరు