నల్లగొండలో రెండు రోజులు

ఒరేయ్ రమేశ్,

మొన్న ఫోన్‌లో "సాగర్ తప్ప నల్లగొండలో చూడ్డానికి ఏముందిరా" అన్నావు. నువ్వు బండి మీద ఉన్నావని అప్పుడు ఏమీ అనలేదు గానీ, ఆ ఊరి ఉప్పు తిన్నవాణ్ని, ఎట్లా ఊరుకుంటాను? తీరిగ్గా చదువు. చెల్లెమ్మకు కూడా చదివి వినిపించు, ప్రయాణం ఖాయం చేసేది ఎలాగూ తనే కదా.

నేను నల్లగొండలో, రామగిరిలో అద్దెకున్నప్పుడూ ఇదే వరస. హైదరాబాద్ నుంచి చుట్టాలు వచ్చేవాళ్లు, మా ఇంట్లో టిఫిన్ చేసేవాళ్లు, కారెక్కి సాగర్ వెళ్లిపోయేవాళ్లు. పాత గుళ్లున్న పానగల్లు ఆటోలో వెళ్లేంత దగ్గర్లోనే ఉందని మొత్తుకున్నా ఒక్కరూ వినలేదు. నువ్వలా చెయ్యకు. శనివారం నల్లగొండలోనే ఉండు, సాగర్ ఆదివారం చూడు.

శనివారం తెల్లారేసరికి ఎల్బీనగర్ దాటేయండి. చౌటుప్పల్, చిట్యాల మీదుగా నార్కట్‌పల్లి దాకా విజయవాడ హైవే, అక్కడ కుడికి తిరగాలి. మొత్తం వంద కిలోమీటర్లు అటూ ఇటూ. మలుపు తిరిగిన కాసేపటికే చెరువుగట్టు వస్తుంది, గుట్ట మీద జడల రామలింగేశ్వరస్వామి. పైన మూడు గుండ్ల దగ్గర రాళ్ల సందులోంచి దూరి వెళ్లాలి. ఎంత లావు మనిషైనా స్వామిని తలచుకుంటే పడతాడని అక్కడివాళ్ల నమ్మకం. నీ పొట్ట సంగతి తెలిసే చెబుతున్నా, ముందు చెల్లెమ్మను వెళ్లనివ్వు, చెయ్యి పట్టి లాగడానికి అవతల ఒకరుంటారు. అమావాస్య నాడు మాత్రం వద్దు, గుట్టంతా జనమే.

ఊళ్లోకి రాగానే సామాను లాడ్జిలో పడేసి నేరుగా పానగల్లు వెళ్లండి. ఒకప్పుడు కందూరు చోడులు ఏలిన చోటు. పొలాల మధ్య ఛాయా సోమేశ్వరాలయం ఉంటుంది. ఒకే మండపానికి మూడు గర్భగుళ్లు. వాటిలో శివలింగం ఉన్న గుడి ముందు నిలబడు. లోపల చీకటికి కళ్లు అలవాటు పడాలి, కాసేపు ఓపిక పట్టు. లింగం వెనక గోడ మీద నిలువుగా ఒక స్తంభం నీడ మెల్లగా తేలుతుంది. లింగానికీ గోడకీ మధ్య స్తంభం ఏదీ ఉండదు! పైగా ఆ నీడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడి నుంచి కదలదు.

నువ్వు ఇంజనీరువి, దేవుడి మహిమ అంటే ఒప్పుకోవు. ఎండ నేరుగా లోపలికి రాదురా. బయటి వెలుతురు మండపం స్తంభాల పక్కల నుంచి లోపలికి వెళ్లి గోడ మీద పడుతుంది. సూర్యుడు ఎటు తిరిగినా ఆ వెలుతురు వచ్చే దారి మారదు, అందుకే నీడా మారదు. ఇంత తెలిశాక కూడా, దాదాపు తొమ్మిది వందల ఏళ్ల కిందట ఏ స్తంభం ఎక్కడ నిలబెట్టాలో ఆ శిల్పి ఎట్లా లెక్క కట్టాడో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఫోన్ టార్చి మాత్రం వెయ్యకు, వేస్తే నీడ మాయం. సాయంత్రం మళ్లీ ఒకసారి వెళ్లి చూసుకో, నా మాట నమ్మనక్కర్లేదు.

అక్కడికి దగ్గర్లోనే పచ్చల సోమేశ్వరాలయం. నల్లరాతి స్తంభాల మీద రామాయణ, భారత కథలు చెక్కారు. గబగబా చుట్టి రాకు, ఒక్క స్తంభం పట్టుకుని కింద నుంచి పైదాకా చూడు. పక్కనే మ్యూజియం కూడా ఉంది. అట్నుంచి ఉదయసముద్రం కట్ట మీదికి వెళ్లండి. చోడుల కాలం నాటి చెరువు, ఇప్పుడు కృష్ణా నీళ్లు నింపే రిజర్వాయర్. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన జిల్లా ఇది. అందుకే అక్కడివాళ్లు ఆ నీళ్లను చూసే చూపు వేరుగా ఉంటుంది.

ఎండ తగ్గాక లతీఫ్ సాహెబ్ గుట్ట ఎక్కండి, పైన దర్గా ఉంది. ఊరంతా కాళ్ల కిందే కనిపిస్తుంది. దిగి వచ్చి గడియారం సెంటర్లో చాయ్ తాగండి. అంతకు మించి అక్కడ పెద్దగా ఏమీ లేదు, రద్దీ తప్ప.

తిండి సంగతి. జొన్నరొట్టె, నాటుకోడి హోటళ్లలో దొరుకుతాయి. కానీ తినాల్సింది తపాలచెక్క. బియ్యప్పిండిలో నువ్వులు, నానబెట్టిన శనగపప్పు, ఉల్లిగడ్డ, కారం కలిపి, తపేలా లోపలి గోడలకు పలచగా ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో నూనె చుక్క వేసి సన్నటి సెగ మీద పెడతారు. ఎర్రగా కాలిన అంచు ముందు తినాలి, అది చల్లారితే మజా పోతుంది. హోటల్లో ఆ రుచి రాదు. మా పాత ఓనరమ్మకు చెప్పి చేయిస్తాను, కాదనదు.

ఆదివారం హాలియా మీదుగా సాగర్. 1955లో నెహ్రూ పునాదిరాయి వేసిన డ్యామ్, 26 గేట్లు. వానాకాలంలో పైనుంచి వరద వచ్చి నీటిమట్టం 590 అడుగులకు చేరువైతే గేట్లు ఎత్తుతారు. ఎత్తారని పేపర్లో చూశాక బయల్దేరితే కనువిందే గానీ, ట్రాఫిక్‌లో సగం రోజు పోతుంది. నాకైతే గేట్ల కన్నా నాగార్జునకొండే ఇష్టం. ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి నీళ్లలో మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినవాటిని కొండ మీదికి చేర్చారు. ఇప్పుడది దీవి, లాంచీలో వెళ్లాలి. లాంచీ టైము ముందే కనుక్కో. మ్యూజియానికి శుక్రవారం సెలవు, మీరు వెళ్లేది ఆదివారం కాబట్టి బెంగ లేదు. టైముంటే బుద్ధవనం అనే బౌద్ధ పార్కు చూడండి. ఎత్తిపోతల జలపాతం వానలు పడ్డాకే బాగుంటుంది, ఎండాకాలంలో పోతే నన్ను తిట్టుకుంటావు. అసలు మే నెలలో ఆ జిల్లాకే వెళ్లొద్దు.

తిరుగు ప్రయాణం మల్లేపల్లి, ఇబ్రహీంపట్నం రోడ్డు, నల్లగొండకు మళ్లీ రానక్కర్లేదు. దారిలో బత్తాయిలు కనిపిస్తే బేరమాడే పని చెల్లెమ్మకు అప్పజెప్పు.

అమావాస్య ఎప్పుడో క్యాలెండర్‌లో చూసుకుని తేదీ ఖాయం చెయ్యి. రెండు రోజుల ముందే నాకు చెప్పాలి, ఓనరమ్మ శనగపప్పు నానబెట్టుకోవాలి కదా.

నీ
మల్లేశ్