మెత్తటి పగడానికి పేరు పెట్టాలంటే

ఒరేయ్ సూరీ,

నువ్వు పంపిన ఫోటో చూశానురా. చేతివేళ్ళలాంటి కొమ్మలు, గోధుమరంగు, అంతా బాగానే ఉంది. కానీ ఫోటో చూసి జాతి పేరు చెప్పమంటే ఎవరి తరమూ కాదు. మెత్తటి పగడం నీళ్ళలో ఒకలా విచ్చుకుంటుంది, ముట్టుకుంటే ఇంకోలా ముడుచుకుపోతుంది, ఆల్కహాల్‌లో వేశాక రంగే పోతుంది. మారనివి దాని కండలో ఇరుక్కుని ఉండే స్క్లెరైట్లే. అవి కాల్సైట్ ముక్కలు, చాలావరకు కంటికి ఆననంత చిన్నవి. పేరు తేల్చేవి అవే.

కోసే ముందు లెన్స్ పెట్టి పైభాగం చూడు. పాలిప్‌లు, అంటే పగడంలోని ఒక్కో చిన్న జీవి, అన్నీ ఒకే రకమా, లేక ఎనిమిది టెంటకిల్స్ (మీసాల్లాంటి చేతులు) ఉన్న పెద్దవాటి మధ్య సన్నటి చుక్కల్లాంటి చిన్న పాలిప్‌లు కూడా ఉన్నాయా? రెండు రకాలుంటే సార్కోఫైటన్, లోబోఫైటం అనే ప్రజాతుల వైపు వెళ్ళాలి. ఒకే రకమైతే సైన్యులారియా, క్లాడియెల్లా వైపు. ఈ ఒక్క చూపుతో సగం పని తగ్గుతుంది.

ఇక అసలు సంగతి. స్క్లెరైట్ ఆకారం ఎంత ముఖ్యమో, దాన్ని ఎక్కడినుంచి తీశావన్నదీ అంతే ముఖ్యం. పాలిప్, కొమ్మ పైపొర, కొమ్మ లోపలి భాగం, కాండం పైపొర, కాండం లోపలి భాగం: ఈ ఐదు చోట్ల నుంచీ 2-3 మిల్లీమీటర్ల ముక్కలు విడివిడిగా కోసి, ఐదు గొట్టాల్లో వేసి, వెంటనే చీటీ రాయి. పైపొర తీసేటప్పుడు బ్లేడు లోతుకు దిగనివ్వకు. దిగితే లోపలి స్క్లెరైట్లు అందులో కలిసిపోతాయి, తర్వాత ఏది ఎక్కడిదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

ముక్క ఆల్కహాల్‌లో ఉన్నదైతే ముందు నీళ్ళతో బాగా కడుగు. ఆల్కహాల్, బ్లీచ్ కలిస్తే విషపదార్థాలు పుడతాయి. బ్లీచ్‌లో యాసిడ్ పడితే క్లోరిన్ వాయువు వస్తుంది, ఆ రెంటినీ దగ్గర కూడా పెట్టకు. కడిగాక మామూలు బ్లీచ్ కొన్ని చుక్కలు వేసి, బుడగలు ఆగేదాకా వదిలెయ్. కండ కరిగిపోయి అడుగున తెల్లటి పొడి మిగులుతుంది. పైనీళ్ళు డ్రాపర్‌తో తీసి, డిస్టిల్డ్ వాటర్‌తో నాలుగైదుసార్లు కడుగు. ప్రతిసారీ పొడి పూర్తిగా దిగాకే నీళ్ళు తియ్యాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. జీనియా అనే మెత్తటి పగడం స్క్లెరైట్లు దాదాపు 0.02 మిల్లీమీటరు పలకలు, దిగడానికి చాలాసేపు పడుతుంది. తొందరపడితే అవి నీళ్ళతోపాటే పోతాయి, నువ్వేమో 'స్క్లెరైట్లు లేవు' అని రాసేస్తావు. బ్లీచ్ సరిగ్గా కడక్కపోతే ఆరాక ఉప్పు స్ఫటికాలు మిగిలి కొత్త ఆకారాల్లా కనిపిస్తాయి, జాగ్రత్త.

పాలిప్‌కి మాత్రం వేరే పద్ధతి. ఒక్క పాలిప్‌ని స్లైడ్ మీద నీటిచుక్కలో పెట్టి కవర్‌స్లిప్ కప్పు. ఒక అంచున చుక్క బ్లీచ్ వేసి, ఎదుటి అంచున టిష్యూ కాగితంతో నీటిని లాగు. కండ మెల్లగా పారదర్శకం అవుతుంటే, టెంటకిల్స్ కింద అడ్డంగా ఒక పట్టీ, దాని పైన ఎనిమిది చోట్ల మొనలు తేలిన స్క్లెరైట్ల వరసలు కనిపించవచ్చు. ఆ అమరిక కాసేపే నిలుస్తుంది, తర్వాత అంతా కూలిపోతుంది. కెమెరా ముందే సిద్ధంగా పెట్టుకో. డెండ్రోనెఫ్తియా అనే ప్రజాతి అయితే ఈ అమరిక లేకుండా ముందుకే పోలేం.

ఇప్పుడు ఆకారాలు. సైన్యులారియాలో కాండం లోపల బుడిపెలున్న పెద్ద కదురులు ఉంటాయి, వాటిలో కొన్నయితే పలు మిల్లీమీటర్ల పొడవుతో మామూలు కంటికే కనబడతాయి. పైపొరలో చిన్న గదలు. ఆ గద తలనే నిదానంగా చూడు: నడినెత్తిన ఒక బుడిపె విడిగా లేచి ఉందా, లేక తలంతా బుడిపెలు చెదిరి ఉన్నాయా? వెర్‌సెవెల్ట్ అనే పగడాల నిపుణుడు 1980లో ఈ ప్రజాతిని పునఃసమీక్షించినప్పుడు జాతుల్ని గుంపులుగా విడదీయడానికి ముఖ్యంగా ఆసరా చేసుకున్నది ఈ గదల్నే. లోబోఫైటం కాండం లోపల తరచు బుడిపెల వలయాలు చుట్టిన పీపాలు ఉంటాయి. క్లాడియెల్లావి డంబెల్స్, ఒక్కసారి చూస్తే మళ్ళీ మర్చిపోం.

వర్ణన రాసేటప్పుడు అందంగా ఉన్న ఒక్క స్క్లెరైట్‌ని బొమ్మ గీసి ఊరుకోకు. ప్రతి చోటినుంచీ ఎక్కువ వాటిని కొలిచి, కనిష్ఠ, గరిష్ఠ పొడవులు రాయి, ప్రతి బొమ్మకీ స్కేలు పెట్టు. ఇంకా ఎదుగుతున్న స్క్లెరైట్లు పెద్దవాటికంటే వేరే ఆకారంలో ఉంటాయి. వాటిని కొత్త రకమని లెక్కేస్తే లేని తేడాను జాతి మెడకు కట్టినట్టే.

ఫారమాలిన్‌లో దాచిన పాత నమూనాలంటే నాకు భయం. బఫర్ (ఆమ్లత్వాన్ని అదుపులో ఉంచే పదార్థం) లేని ఫారమాలిన్ క్రమంగా ఆమ్లమై స్క్లెరైట్లను తినేస్తుంది, అంచులు అరిగిపోతాయి, చిన్నవైతే మాయమే. కాబట్టి 70 శాతం ఆల్కహాలే వాడు. డీఎన్‌ఏ కోసం ఒక చిన్న ముక్కని 95 శాతంలో వేరుగా ఉంచు. మ్యుట్‌ఎస్ అనే మైటోకాండ్రియా జన్యువుని ఈ పగడాలకి బార్‌కోడ్‌లా వాడతారు కానీ, దగ్గరి చుట్టాలైన జాతుల్ని అది ఒక్కటే విడదీయలేదు. స్క్లెరైట్లూ అదీ రెండూ కావాలి.

ఇంకోటి, పాత పుస్తకాల్లో సైన్యులారియా, సార్కోఫైటన్ రెండూ ఆల్సియోనిడే కుటుంబంలో కనిపిస్తాయి. 2022 నాటి కొత్త వర్గీకరణలో వాటికి వేర్వేరు కుటుంబాలు ఇచ్చారు, రాసేముందు అది చూసుకో.

నీ దగ్గరున్నది కొమ్మ కొన మాత్రమే అయితే నాకు పంపకు. కాండం అడుగు కూడా ఉన్న ముక్క దొరికినప్పుడే పంపు, కూర్చుని చూద్దాం.

నీ
రాఘవ