సెలైన్ చుక్కల లెక్క కేస్ షీట్‌లో రాయాలి

సంపాదకులకు నమస్కారాలు.

ఈశాన్య రుతుపవనాల వానలు పడితే మన నెల్లూరు జిల్లాలో పిల్లల వార్డులు జ్వరాలతో నిండిపోతాయి. ముప్పై ఏళ్లకు పైగా వార్డుల్లో పనిచేసిన నర్సుగా, సెలైన్ బాటిల్‌కు తగిలించే సెట్టు (చుక్కలు పడే గొట్టం) గురించి ఒక మాట చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

పెద్దలకు సాధారణంగా వాడే సెట్టులో 20 చుక్కలైతే ఒక మిల్లీలీటరు. పిల్లలకు వాడే మైక్రో సెట్టులో 60 చుక్కలైతే గాని ఒక మిల్లీలీటరు కాదు. ఎక్కించాల్సిన మిల్లీలీటర్లను ఆ అంకెతో హెచ్చవేసి, నిమిషాలతో భాగిస్తే నిమిషానికి ఎన్ని చుక్కలు పెట్టాలో తేలుతుంది. 500 మి.లీ. నాలుగు గంటల్లో వెళ్లాలంటే 20 చుక్కల సెట్టుతో నిమిషానికి సుమారు 42, 15 చుక్కల సెట్టుతో 31. మిల్లీలీటరుకు ఎన్ని చుక్కలో సెట్టు ప్యాకెట్ మీదే అచ్చయి ఉంటుంది గాని, చింపి పారేసే తొందరలో చూసేవాళ్లు తక్కువ.

నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో 12 కిలోల పాపకు గంటకు 44 మి.లీ. రాశారు. మైక్రో సెట్టుతో అయితే అది నిమిషానికి సరిగ్గా 44 చుక్కలే కనుక వేరే లెక్క అక్కర్లేదు. ఆ రాత్రి మైక్రో సెట్లు అయిపోయి పెద్దల సెట్టు తగిలించారు, చుక్కలు మాత్రం అలవాటు కొద్దీ 44 పెట్టారు. రెండు గంటలు గడిచాక నేను గడియారం చూస్తూ లెక్కపెడితే 44 చుక్కలే వచ్చాయి, కానీ బాటిల్ అప్పటికే సగానికి దిగిపోయి ఉంది. వంగి, చుక్కలు పడే చాంబర్‌లోకి చూస్తే మైక్రో సెట్టులో ఉండే సన్నని సూది కనిపించలేదు. గంటకు 132 మి.లీ., అంటే మూడింతలు వెళ్తోంది! వెంటనే ఆపి డాక్టరుగారిని పిలిచాం, పాప క్షేమంగా ఇంటికి వెళ్లింది. వార్డంతా ఒక్కతే చూసుకుంటున్న ఆ నర్సును నేను ఈనాటికీ తప్పుపట్టలేను.

కేస్ షీట్‌లో 'స్లో', 'ఫాస్ట్' అని రాయకుండా గంటకు ఎన్ని మి.లీ.యో డాక్టర్లు రాయాలి. దాని కిందే నర్సు సెట్టు రకాన్నీ చుక్కల సంఖ్యనూ రాసి, ఇంకొకరితో సరిచూపించాలి. "కాస్త వేగం పెట్టమ్మా, ఉదయగిరి బస్సు వెళ్లిపోతుంది" అంటూ గొట్టం మీద వేగం మార్చే రోలర్ తిప్పేసే బంధువులూ ఉంటారు కనుక, బాటిల్‌కు తెల్ల ప్లాస్టర్ అంటించి, ఏ గంటకు ఎక్కడికి దిగాలో గీతలు గీసి ఉంచితే తేడా వచ్చిన వెంటనే ఎవరికైనా కనిపిస్తుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత హెడ్ నర్సు, కావలి