రంగం (రంగూన్) ఓడ ఎక్కిన పిల్లల మాటలకు మీ పేపర్లో చోటివ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం,

చిన్నప్పుడు టైటానిక్ నుంచి బతికి బయటపడ్డ ఒకావిడ పెద్దతనంలో చేత్తో రాసిన ఉత్తరం గురించి మీరు వేసిన వార్త చదివాను. వార్త మంచిదే గానీ వేలంలో దానికి ధర ఎంత పలికిందన్న దగ్గరే ఆపేశారు. ఆవిడ అందులో ఏం రాసిందో అది కదండీ అసలు సంగతి!

ఆ ఓడ విషయంలోనే ఎవా హార్ట్ సంగతి చూడండి. 1912 ఏప్రిల్ 14 రాత్రి ఓడ మంచుకొండను గుద్దుకునేటప్పటికి ఆమెకు ఏడేళ్లు. నాన్న తల్లీకూతుళ్లను లైఫ్‌బోటు ఎక్కించి తను ఉండిపోయాడు, మళ్లీ కనబడలేదు. ఓడ రెండు ముక్కలవడం కళ్లారా చూశానని ఆమె చెబుతూనే వచ్చింది, ఇంకొందరూ అదే చెప్పారు, అయినా విచారణ చేసిన పెద్దలు ఓడ విరగకుండానే మునిగిందని తేల్చేశారు. 1985లో సముద్రం అడుగున శిథిలాలు దొరికాయి, ముందు భాగం ఒకచోట, వెనక భాగం ఇంకోచోట. ఏడేళ్ల పిల్ల చెప్పిందే నిజమైంది.

మన గుంటూరులో పుట్టిన రూత్ బెకర్ కూడా ఆ ఓడలోనే ఉంది. తండ్రి గుంటూరులో లూథరన్ క్రైస్తవ మిషన్‌లో పనిచేసేవాడు, తమ్ముడికి జబ్బు చేస్తే తల్లి పిల్లల్ని తీసుకుని అమెరికా బయలుదేరింది. తల్లి, చెల్లి, తమ్ముడు ఒక బోటులో, పన్నెండేళ్ల రూత్ ఒక్కతే వేరే బోటులో. నలుగురూ బతికారు. తర్వాత టీచరైన ఆమె చాలా ఏళ్లు సొంత పిల్లలకు కూడా ఆ రాత్రి గురించి చెప్పలేదు.

ఇలా నోరు విప్పనివాళ్లు మన తీరంలో ఎంతమంది ఉన్నారో! బారువ, కళింగపట్నం రేవుల్లో ఓడెక్కి పొట్టకూటికి బర్మాలోని రంగం పోయిన కుటుంబాలు మనవి. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక కొందరు ఓడల్లో, చాలామంది అడవుల్లో నడిచి వచ్చారు. అప్పుడు పెద్దవాళ్ల చెయ్యి పట్టుకుని వచ్చిన పిల్లలకు ఇప్పుడు తొంభైకి అటూఇటూ ఉంటాయి, ఇంకా ఆలస్యం చేస్తే అడగడానికి ఎవరూ మిగలరు. చేపల వేటలో బోటు తిరగబడితే ఈదుకొచ్చినవాళ్లున్నారు, నాన్న రాలేదని రాత్రంతా ఒడ్డునే నిలబడ్డ పిల్లలున్నారు. తుఫాను వస్తే మీ జిల్లా పేజీలో ఎన్ని బోట్లు పోయాయో, నష్టం ఎంతో వేస్తారు, అది కావాల్సిందే, పరిహారం దాని మీదే వస్తుంది. కానీ గాలి ఎప్పుడు తిరిగిందో, ఎవరు ఎవర్ని పట్టుకుని తేలారో, ఇంట్లో వాళ్లకు కబురు ఎవరు చెప్పారో ఎవరూ అడగరు.

అందుకే వారానికోసారి జిల్లా పేజీలో అర పేజీ ఇవ్వండి. రాయడం రానివాళ్లు చెబితే మనవలు రాసిపెడతారు. దయచేసి మా సిక్కోలు యాసను దిద్దకండి, చేతిరాత కాగితం ఫోటో కూడా వేయండి. సోంపేట, బారువ వైపు ఊళ్లలో తిరిగి రాయించి పంపే పని నేను చూసుకుంటాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
సోంపేట, శ్రీకాకుళం జిల్లా