కావలి దగ్గర ఆగిన పెద్దాయనకు

శనివారం తెల్లవారుజామున కావలి దాటాక ట్రాక్టరు ఆపి దిగిన పెద్దాయనా, కృతజ్ఞతలు. కంగారులో మీ పేరైనా అడగలేదు.

ఒంగోలు నుంచి చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్‌కు, మా అబ్బాయి గో-కార్ట్ (చిన్న రేసు బండి) పోటీకి బయలుదేరాం. దారిలో ఆ బండిని ఎక్కించిన ట్రాలీ చక్రం బేరింగు పట్టేసింది. మీరు ఇంటికి వెళ్లి బేరింగు తెచ్చి, మీ చేతులతోనే బిగించారు. డబ్బులు తీసుకోలేదు.

ట్రాలీలో ఉన్న గో-కార్ట్ చూసి "దీనికి స్ప్రింగులే లేవు, పిల్లవాడి నడుము ఏం కావాలమ్మా?" అన్నారు. మావాడు నవ్వాడు. నిజంగానే గో-కార్ట్‌కు సస్పెన్షన్ ఉండదు. ఆదివారం వాడు నడుము పట్టుకునే దిగాడు! రెండు ల్యాపులుండగా గొలుసు తెగి ఆగిపోయాడు, అది వేరే సంగతి.

తిరుగు ప్రయాణంలో అక్కడే అరగంట చూశాం. మీ పదమూడో నంబరు స్పానరు మా పెట్టెలో ఉండిపోయింది.