బాపు తుపాకీ ఇంట్లోనే ఉందా? మా షాపు నుంచి ఒక మాట

మా హనుమకొండ తుపాకుల షాపుకు ఏళ్లుగా వస్తున్న కస్టమర్లకు, మా దగ్గర ఆయుధాలు భద్రంగా ఉంచమని డిపాజిట్ పెట్టినవాళ్లకు, లైసెన్స్ గురించి ఫోన్ చేసి అడిగేవాళ్లకు అందరికీ నమస్కారం.

ఈ నెల నుంచి షాపులో మూడు మార్పులు చేస్తున్నాం. డిపాజిట్ రుసుము పెంచుతున్నాం. లైసెన్స్ పని మీద మధ్యవర్తులు ఎవరొచ్చినా మాట్లాడం. చనిపోయినవాళ్ల పేరు మీద ఉండిపోయిన తుపాకుల కోసం స్ట్రాంగ్‌రూమ్‌లో విడిగా చోటు చేశాం. నా మనసులో ఎక్కువగా ఉన్నది ఈ మూడోదే, అందుకే దాంతోనే మొదలుపెడుతున్నా.

కొన్నేళ్లుగా మాకు ఒకే రకం ఫోన్లు ఎక్కువయ్యాయి. పరకాల నుంచో, నర్సంపేట నుంచో, జనగామ నుంచో ఒకరు చేస్తారు. "అన్నా, మా బాపు పోయి రెండేండ్లయింది. ఆయన తుపాకీ బీరువాలో ఉంది. ఏం చెయ్యాలె?" లైసెన్స్ పుస్తకం ఉందా అంటే ఉందంటారు. డేట్ చూడమంటే ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ఇక ఆ తర్వాత గొంతు తగ్గించి మాట్లాడతారు. స్టేషన్‌కు పోతే కేసు పెడతారేమోనని టెన్షన్. పోకుండా ఉంటే ఇంకా టెన్షన్. అలా ఏళ్లు గడిచిపోతాయి.

లైసెన్స్ ఇచ్చేది మనిషికి. ఆ మనిషి పోయాక అదే బీరువాలో, అదే గుడ్డలో చుట్టి ఉన్న తుపాకీకి ఆ ఇంట్లో చట్టబద్ధమైన యజమాని లేడు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా మామూలు (నిషేధిత రకం కాని) తుపాకీ దగ్గర పెట్టుకుంటే రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా జైలు, పైన జరిమానా. 2019 సవరణకు ముందు ఇది ఏడాది నుంచి మూడేళ్లు ఉండేది, ఇప్పుడు పెంచారు. "మేం ఎప్పుడూ వాడలేదు సార్, పూజకు మాత్రమే తీస్తాం" అనే మాట అక్కడ నిలబడదు.

అదే చట్టంలో 21వ సెక్షన్ ఉంది. దాని గురించి మాత్రం ఎవరూ చెప్పరు. లైసెన్స్ గడువు ముగిసినా, రద్దయినా, ఇంకే కారణంతోనైనా ఆయుధం దగ్గర ఉంచుకునే హక్కు పోతే, అనవసర ఆలస్యం లేకుండా దాన్ని దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. డిపాజిట్ చేసినంత మాత్రాన తుపాకీ పోయినట్టు కాదు. నిర్ణీత గడువులోగా వారసుడు తన పేరు మీద లైసెన్స్ తెచ్చుకుంటే వెనక్కి తీసుకోవచ్చు. వద్దనుకుంటే లైసెన్స్ ఉన్నవాళ్లకు అమ్ముకుని ఆ డబ్బు తీసుకోవచ్చు. ఏదీ చేయకుండా గడువు దాటనిస్తేనే, నోటీసు ఇచ్చి ప్రభుత్వం స్వాధీనం చేసుకుంటుంది. కాబట్టి భయపడాల్సింది ఇంట్లో దాచి ఉంచడానికి. బయటకు తెచ్చి అప్పజెప్పడానికి కాదు.

ఇలా ఆగిపోయేవాళ్ల బాధ నాకు తెలుసు. ఈమధ్య ఒకాయన తండ్రి లైసెన్స్ పుస్తకం మా కౌంటర్ మీద పెట్టారు. అప్పటి పద్ధతిలో మూడేళ్లకోసారి పడిన రెన్యువల్ ముద్రలు, ఒక్కో అధికారి సంతకం ఒక్కో రంగు సిరాలో, చివరి పేజీల్లో అంచులు నలిగిపోయి ఉన్నాయి. ముప్పై ఏళ్లకు పైగా ఒక్కసారి కూడా గడువు దాటనివ్వలేదు ఆ పెద్దాయన. అంత పద్ధతిగా ఉన్న మనిషి తుపాకీ, ఆయన పోయాక కొడుకుల చేతిలో కేసు కాకూడదు కదా. మన జిల్లాల్లో ఇలాంటి తుపాకులకు పెద్ద చరిత్రే ఉంది. అన్నలు (నక్సలైట్లు) ఊళ్లలోకొచ్చి లైసెన్స్ తుపాకులు ఎత్తుకెళ్లిన రోజుల్లో, ఎందరో భయంతో స్టేషన్లలో పెట్టి పట్నం వెళ్లిపోయారు. తిరిగి తెచ్చుకున్నవాళ్లు దాన్ని ఇంటి మనిషిలా చూసుకున్నారు.

వారసుల పేరు మీదకు మార్చుకోవడానికి 2016 ఆయుధాల నిబంధనల్లో దారి ఉంది. లైసెన్స్‌దారు చనిపోతే చట్టబద్ధ వారసుడు దరఖాస్తు పెట్టుకోవచ్చు. చాలామందికి తెలియనిది ఇంకొకటి ఉంది. పెద్దాయన బతికుండగానే, ఆయనకు 70 ఏళ్లు నిండినా, లేదా ఆ తుపాకీ ఆయన దగ్గర 25 ఏళ్లుగా ఉన్నా, తాను ఎంచుకున్న వారసుడికి ఇప్పించవచ్చు. మీ ఇంట్లో అలాంటి పెద్దలుంటే ఈ పని ఇప్పుడే చేయించండి. ఆయనే వచ్చి సంతకం పెట్టడానికీ, ఆయన పోయాక అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరి దగ్గరా అభ్యంతరం లేదని కాగితాలు తేవడానికీ చాలా తేడా ఉంది. ఒక తమ్ముడు అమెరికాలో ఉండి, ఇంకో చెల్లెలితో మాటల్లేకపోతే ఆ ఫైలు ఎక్కడికక్కడే ఆగిపోతుంది.

వారసుడైనా అందరిలాగే పరీక్షకు నిలబడాల్సిందే. 21 ఏళ్లు నిండి ఉండాలి. వైద్య ధ్రువపత్రం, ఆయుధం జాగ్రత్తగా వాడటంలో శిక్షణ తీసుకున్నట్టు పత్రం కావాలి. స్టేషన్ నుంచి విచారణకు వస్తారు, పాత కేసులు చూస్తారు. వరంగల్ కమిషనరేట్ పరిధిలో పోలీస్ కమిషనర్, కమిషనరేట్ లేనిచోట కలెక్టర్ నిర్ణయం తీసుకుంటారు. ఇవ్వకపోతే అప్పీలుకు వెళ్లవచ్చు. కొడుక్కి ఆసక్తి లేకపోతే బలవంతంగా లైసెన్స్ తీసుకోవద్దని నా సలహా. అమ్మేయండి. తుపాకీ ఉంచుకోవడమంటే ప్రతి ఐదేళ్లకూ రెన్యువల్, ఎన్నికలప్పుడు స్టేషన్‌లోనో డీలర్ దగ్గరో డిపాజిట్, ఇంట్లో తాళం వేసిన భద్రమైన చోటు, ఇవన్నీ మోయడం.

అమ్మేటప్పుడు ఒక జాగ్రత్త. 1980లలో ప్రైవేటు వ్యక్తులకు విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోయింది. అందుకే మన తాతల నాటి ఇంగ్లండ్ డబుల్ బ్యారెల్‌కు (రెండు గొట్టాల తుపాకీకి) ఇప్పటికీ గిరాకీ ఉంది. ఆ సంగతి తెలిసిన దళారులు ఇంటికే వచ్చి, "కాగితాలు మేం చూసుకుంటాం, క్యాష్ తీసుకోండి" అంటున్నారు. దయచేసి ఇవ్వకండి. పుస్తకంలో ఆ తుపాకీ నంబరు ఇంకా మీ నాన్న పేరు మీదే ఉంటుంది. రేపు అది ఎక్కడ దొరికినా పోలీసులు మీ తలుపే తడతారు.

అడవి దగ్గరున్నవాళ్లకు అదనంగా ఒక మాట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యం లోపల, దాని చుట్టూ 10 కిలోమీటర్ల లోపల ఉండేవాళ్లు లైసెన్స్ ఆయుధాన్ని అటవీ శాఖ దగ్గర కూడా నమోదు చేయించాలి. అక్కడ కొత్త లైసెన్స్ ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందుగా ఒప్పుకోవాలి. ఏటూరునాగారం, పాకాల చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చేవాళ్లలో ఇది తెలియనివాళ్లే ఎక్కువ. పంట కాపలాకు లైసెన్స్ ఉంది కదా అని అడవి పందిని కాల్చకండి. దానికి వన్యప్రాణి చట్టం కింద అనుమతి వేరుగా ఉండాలి. మక్క చేను పోయిన రైతు కోపం నాకు అర్థమవుతుంది, కానీ ఆ ఒక్క తూటాతో పంట నష్టం పక్కకు పోయి కోర్టు చుట్టూ తిరగడం మొదలవుతుంది.

ఇక రుసుము సంగతి. డిపాజిట్‌కు ఇప్పటిదాకా నెలకు 200 రూపాయలు తీసుకుంటున్నాం, ఇకపై 300. స్ట్రాంగ్‌రూమ్ తలుపు, కెమెరాలు, రాత్రి కాపలా మనిషి జీతం, అన్నీ పెరిగాయి. పాత డబ్బుతో సరిగా చూసుకోలేకపోతున్నాం. మా షాపు కొత్త తుపాకుల అమ్మకాలతో నడుస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి కాన్పూర్ తయారీ పాయింట్ 32 రివాల్వర్ కొనేవాళ్లు అరుదు. బ్యాంకు గార్డుల పన్నెండు బోరు తుపాకుల సర్వీసింగ్, తూటాలు, ఎయిర్‌గన్లు, మీ డిపాజిట్లు, ఇవే మా బువ్వ. అందుకే పెంపు గురించి దాచకుండా చెప్తున్నా. వారసత్వ తుపాకులకు మాత్రం మొదటి మూడు నెలలు ఏమీ తీసుకోం. డబ్బు కోసం వెనకాడి ఎవరూ దాన్ని ఇంట్లో ఉంచుకోకూడదు.

డిపాజిట్ అంటే మూలన పడేయడం అనుకోకండి. 2023 అక్టోబర్‌లో అసెంబ్లీ ఎన్నికలకు, మళ్లీ 2024 మార్చిలో లోక్‌సభ ఎన్నికలకు తుపాకులు డిపాజిట్‌లోకి వెళ్లాయి. జూన్ 4న ఫలితాలొచ్చి అవి ఇళ్లకు చేరేసరికి వానలు మొదలయ్యాయి. ఆ నెలలో సర్వీసింగ్‌కు వచ్చిన ఒక డబుల్ బ్యారెల్‌ను మడత దగ్గర తెరిచి, గొట్టాలను ట్యూబ్‌లైట్ వైపు తిప్పి చూశాం. అద్దంలా మెరవాల్సిన లోపలి గోడ మీద గోధుమ రంగు చుక్కలు బారుగా పాకి ఉన్నాయి. బ్రష్‌తో రుద్ది తుప్పు తీసినా గుంటలు మిగిలిపోయాయి. నూనె పూయకుండా గుడ్డ సంచిలో కట్టి ఇస్తే అంతే. అందుకే మా దగ్గర పెట్టిన ప్రతి తుపాకీకి వానాకాలంలో నెలకోసారి నూనె పట్టిస్తున్నాం. ఎన్నికల డిపాజిట్ స్టేషన్‌లో చేసేవాళ్లు కూడా ఇచ్చే ముందు ఒకసారి షాపుకు తెండి, శుభ్రం చేసి ఇస్తాం.

మధ్యవర్తుల విషయం పొడిగించను. "ఎంత ఖర్చయినా పర్లేదు, ఒక లైసెన్స్ ఇప్పించండి" అని వచ్చేవాళ్లకు మేం చేయగలిగింది ఏమీ లేదు. లైసెన్స్ ఇప్పించే శక్తి ఏ షాపుకూ లేదు, ఉందని చెప్పేవాళ్లను నమ్మకండి. వేరే రాష్ట్రంలో సులువుగా వస్తుందని తెచ్చే పుస్తకాలతో జాగ్రత్త. ప్రతి లైసెన్స్‌కూ జాతీయ డేటాబేస్‌లో విశిష్ట గుర్తింపు సంఖ్య ఉండాలి. అది సరిపోలకపోతే మేం ఒక్క తూటా కూడా అమ్మం. తెలిసినవాళ్లయినా ఒరిజినల్ పుస్తకమే తేవాలి, ఫోన్లో ఫొటో చాలదు.

ఇప్పటికే లైసెన్స్ ఉన్నవాళ్లు గుర్తుంచుకోవాల్సినవి కొన్ని. ఒకరి పేరు మీద రెండే ఆయుధాలు ఉండాలి. 2019కి ముందు మూడు అనుమతించేవారు, ఆ మూడోది ఇంకా ఇంట్లోనే ఉన్నవాళ్లు వెంటనే మాట్లాడండి. గడువుకు రెండు నెలల ముందే రెన్యువల్‌కు పెట్టండి. బయటకు తీసుకెళ్తే చేతి తుపాకీ హోల్‌స్టర్‌లో, పెద్దది కవర్‌లో ఉండాలి. పుస్తకంలో ఏ ప్రాంతం రాసి ఉంటే అక్కడివరకే. మేడారం జాతరకు, ఊరేగింపులకు, కాలేజీలకు వెంట తీసుకుపోకండి. పెళ్లి బరాత్‌లో గాల్లోకి కాల్పులు జరిపితే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. గాల్లోకి పోయిన తూటా మళ్లీ ఎవరో ఒకరి మీదే దిగుతుంది.

వారసత్వ తుపాకీ తెచ్చేవాళ్లు ముందు మాకు ఫోన్ చేయండి. దాన్ని కారు డిక్కీలో వేసుకుని మీ అంతట మీరు బయల్దేరకండి. మీ స్టేషన్‌లో ఒక లేఖ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. లేఖలో తండ్రి పేరు, లైసెన్స్ నంబరు, తుపాకీ నంబరు, మా షాపులో డిపాజిట్ చేయబోతున్నారన్న సంగతి రాస్తే చాలు. రాయడం రాకపోతే ఫోన్లో చెప్పి రాయిస్తాం. లైసెన్స్ పుస్తకం, మరణ ధ్రువపత్రం, మీ ఆధార్, మిగిలిన తూటాలు ఉంటే అవి కూడా తెండి. తూటాలు విడిగా, తుపాకీ విడిగా. లోపల తూటా ఉందేమోనని అనుమానం ఉంటే మీరు ముట్టుకోవద్దు, స్టేషన్ వాళ్లకు చెప్పండి, వాళ్లే తీసిస్తారు. రసీదు మీ చేతికి అదే రోజు ఇస్తాం.