గీకే ముందు తుడిచి చూడండి

సంపాదకులకు,

పాత సైకిలు చేతికి రాగానే చాలామంది రంగు గీకించేసి కొత్తగా వేయించేస్తారు. కంపెనీ వేసిన రంగు, చైనుకవర్ మీద చేత్తో లాగిన బంగారు గీత, హ్యాండిల్ కింద ఫ్రేము ముందు గొట్టం (హెడ్‌ట్యూబు) మీది ముద్ర ఒకసారి పోతే ఇక రావు. దూరం నుంచి తుప్పులా కనిపించేదాంట్లో చాలా భాగం గ్రీజూ దుమ్మూ కలిసి గట్టిపడిన పొరే. ముందు కిరసనాయిలులో తడిపిన మెత్తటి గుడ్డతో తుడిచి చూడాలి. తిన్నర్ జోలికి మాత్రం పోవద్దు. దాంతో గీత మీద ఒక్కసారి రుద్దితే చాలు, బంగారమంతా గుడ్డకే అంటుకుంటుంది.

విప్పేటప్పుడు ఎక్కువ నష్టం జరిగేది పెడలు చేతిని (క్రాంకును) ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను దగ్గర. నట్టు పూర్తిగా తీసేసి కొడితే మర నలుగుతుంది. కింద ఆధారం లేకుండా కొడితే దెబ్బ బీబీ (బాటమ్ బ్రాకెట్, అంటే పెడళ్ల ఇరుసు తిరిగే చోటు) బాల్స్ మీదికి పోయి, అవి కూర్చునే కప్పుల్లో గుంటలు పడతాయి. రాత్రంతా నూనె పట్టనివ్వాలి. నట్టును మర కొసతో సమంగా వచ్చేదాకా వదులు చేయాలి. పిన్ను దూరేంత బోలు ఉన్న ఇనప గొట్టాన్ని క్రాంకు కింద, నేలకు ఆనేలా నిలబెట్టి, బరువైన సుత్తితో ఒకే గట్టి దెబ్బ వేయాలి. చిన్న సుత్తితో పది దెబ్బలు వేస్తే కొస పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, తర్వాత డ్రిల్లే దిక్కు. పిన్నుల్లో 9, 9.5 మిల్లీమీటర్లు రెండూ ఉన్నాయి కాబట్టి కొలిచి తెచ్చుకోవాలి. బిగించేటప్పుడు ఒకటి పైనుంచి వస్తే రెండోది కిందినుంచి రావాలి. లేకపోతే రెండు పెడళ్లూ ఒక వరసలో ఉండవు.

ఎడమ పెడలుకు ఎదురు మర, అంటే గడియారం ముల్లు దిశలో తిప్పితే వదులయ్యేది. ఇంగ్లిష్ మర (బ్రిటిష్ కొలతల మర) ఉన్న ఫ్రేముల్లో చైను వైపు బీబీ కప్పుకూ అంతే. ఇది తెలియక పానాకు పైపు తొడిగి తిప్పితే ఫ్రేము మరే పోతుంది. బాల్స్ సాధారణంగా ముందు హబ్బులో వైపుకు 3/16 అంగుళంవి 10, వెనక హబ్బులో పావు అంగుళంవి 9, బీబీలో పావు అంగుళంవి 11. అయినా విప్పేటప్పుడే లెక్కపెట్టి రాసుకోవడం మంచిది.

తుప్పు పట్టిన క్రోమియం రిమ్ములకు లీటరు నీటికి 20–30 గ్రాముల ఆక్సాలిక్ యాసిడ్ కలిపి అందులో నానబెడితే చాలు. అది విషం, చేతి తొడుగులు తప్పనిసరి. తీశాక వంటసోడా నీళ్లతో కడిగి వెంటనే ఆరబెట్టాలి. అల్యూమినియం భాగాలను అందులో వేయకూడదు.

రంగు నిజంగా పోయి, ఇనుము బయటపడితే అప్పుడు వేయండి. గీకిన రోజే ప్రైమర్ పడాలి, ఆలోగా ఒట్టి చేతులతో ముట్టుకోకూడదు. చేతి చెమట అంటిన చోట లోపలినుంచి తుప్పు లేస్తుంది. లప్పం మందంగా పెడితే పగులుతుంది, పలచగా రెండుసార్లు పెట్టాలి. 400 నంబరు వాటర్ పేపరుతో తడిగా రుద్ది, 20–25 సెంటీమీటర్ల దూరం నుంచి మూడు నాలుగు పలచని పూతలు వేయాలి. గొట్టాలు కలిసే మూలలకు ముందు లేతగా కొట్టాలి, చివరికి వదిలేస్తే అక్కడే రంగు జారుతుంది. పూర్తిగా ఆరని ఎనామెల్ మీద లాకర్ (త్వరగా ఆరే మెరుపు పూత) కొడితే పొర ముడతలు పడి లేస్తుంది. తేమ రోజున లాకర్ పాలలా తెల్లబారుతుంది. ఎనామెల్ వేసిన ఫ్రేమునైతే కనీసం రెండు వారాలు కదపకండి. తొందరపడితే క్లాంపు బిగించిన చోట రంగు నలిగిపోతుంది.

పౌడర్ కోటింగ్ (పొడి రంగును చల్లి, వేడి చేసి అంటించే పూత) గట్టిదే కానీ మందం. మరలనూ, హెడ్ కప్పులు (హ్యాండిల్ తిరిగే బాల్స్ ఉండే కప్పులు) కూర్చునే అంచులనూ ముందే మూసి ఉంచకపోతే తర్వాత గీకక తప్పదు. లోతు తక్కువగా కొట్టిన ఫ్రేము నంబరైతే పూడిపోతుంది. అదే ఆ సైకిలు వయసు చెప్పే ఆధారం. పని మొదలుపెట్టకముందే కాగితం మీద పెన్సిలుతో దాని అచ్చు తీసుకోవాలి.

మీ పత్రికలో పాత సైకిళ్ల గురించి వేసేటప్పుడు మెరిసే కొత్త రంగు ఫొటోలతో పాటు, పాత రంగు చెక్కుచెదరకుండా శుభ్రం చేసిన సైకిలు ఫొటో ఒక్కటైనా వేయమని మనవి.

– ఒక పాఠకుడు